పక్కకు పెట్టమన్న కవరు

మా ఇంటి కంప్యూటరు ఈమెయిల్లో వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ మనం అడగకముందే తెరిచి చూపించేది. పంపింది ఎవరో, ఏ బుద్ధితో పంపారో దానికి అక్కర్లేదు. అలా తెరుచుకునే ఉత్తరాల్లోంచే వైరసులు లోపలికొస్తాయని, నాకు కంప్యూటర్ నేర్పే ఆయన ఆ ఏర్పాటు తీసేశాడు. "ఎంత బుద్ధిలేని మిషనో చూడండమ్మా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పంతొమ్మిది వందల డెబ్బైల్లో, మా కొత్తవాడలో ఆ మిషన్ని నేనే.

జంపఖానాలు నేసే మా గల్లీలో చదువొచ్చిన కోడలంటే నేనేనని పేరు. పోస్ట్‌మన్ అందరి ఉత్తరాలూ నా ఒళ్లో పడేసి పోయేవాడు. నేను అరుగు మీద కూర్చుని, పేరు చూసీ చూడకుండా చింపి, గట్టిగా చదివేదాన్ని. ఆడవాళ్లు చుట్టూ మూగితే నాకు ఎక్కడలేని గొప్ప.

పక్కింటి అక్క కూడా పది ప్యాసే, కానీ అత్తగారింట్లో ఆ మాట ఎత్తేది కాదు. ఒకరోజు నల్లా దగ్గర నన్ను పక్కకు పిలిచింది.

"చెల్లె, నర్సు ట్రైనింగుకు రాసిన. నా పేరు మీద కవరొస్తె జర పక్కకు పెట్టు. మా ఆయనకు నేనే మెల్లగ చెప్పుకుంట."

"ఫికర్ చెయ్యకక్కా" అన్నాను. ఒట్టు కూడా వేశాను.

నెల తర్వాత కవరు రానే వచ్చింది. ఆ పూట అరుగు మీద ఆమె అత్త కూడా ఉంది. నా చేతులు ఎప్పటిలాగే చింపేశాయి, నోరు ఎప్పటిలాగే మొదలుపెట్టింది. అక్క పేరు నా నోటితోనే చదివాను. అక్కడైనా ఆగాలి కదా, ఆగలేదు. అందరూ వింటున్నారన్న మురిపెంలో, ట్రైనింగుకు ఎంపికైందనీ, పది రోజుల్లో అసలు సర్టిఫికెట్లతో రావాలనీ చివరి లైను దాకా చదివేశాను. తలెత్తితే గడపలో అక్క నిలబడి ఉంది.

అత్త అరవలేదు. "నువ్వు పోతె మగ్గం మీద వాని పక్కన ఎవలు కూసుంటరు?" అని కోడలిని అడిగింది. ఆ మగ్గం మీద ఇద్దరు కూర్చుంటేనే నేత సాగుతుంది. తర్వాత నా చేతిలోంచి కాగితం తీసుకుని, "గా సర్టిఫికెట్లు యాడ వెట్టినవ్?" అంది. సాయంత్రానికి అన్నీ కలిపి నూలుకు రంగేసే కాగు కింద పొయ్యిలో పెట్టింది. అవి ఉన్నాయన్న సంగతి ఆమెకు చెప్పింది నేనే.

నాకు తల కొట్టేసినట్టయింది. "మర్చిపోయిననక్కా" అని చెప్పుకుందామని రెండుసార్లు వాళ్ల గడప దాకా వెళ్లి తిరిగొచ్చాను. మర్చిపోవడమేమిటి, నా మొహం! పేరు చదివాను కదా. గొప్పకు పోయాను, అంతే.

వారం తర్వాత అక్కకు తల్లిగారింటి నుంచి ఇన్‌లాండ్ ఉత్తరం వచ్చింది. చింపకుండా పట్టుకెళ్లి మగ్గం దగ్గర ఆమెకు అందించబోయాను. మొగుడి పక్కన కూర్చుని నేస్తోంది. అందుకోలేదు, చేతిలో పనీ ఆపలేదు.

"నువ్వే సదువు చెల్లె, అందరు ఇనేటట్టు. ఇంక దాసేదేమున్నది?"