అందాల దొరసాని

అమెరికాలోని బోయిసీలో మా ఇంటి ఓనరు, స్పెయిన్-ఫ్రాన్స్ సరిహద్దు ప్రాంతపు బాస్క్ జాతి ముసలావిడ. తనను భయపెట్టే దేన్నయినా ముద్దుపేరుతోనే పిలిచేది. మంచు తుఫాను వస్తోందంటే "తెల్లపిల్ల బయల్దేరింది" అనేది.

ఒక వేసవిలో, ఆవిడ ప్రాణంగా పెంచుకున్న కోళ్లను ముంగిసలాంటి వీజిల్ ఒకటి చంపసాగింది. నా భార్య భయపడి, "ఏమండీ, ట్రాప్ ఆర్డర్ చేసేయండి" అంది. ఓనరు ఒప్పుకోలేదు.

"మా భాషలో దాని పేరుకి అందాల దొరసాని అని అర్థం. ఫ్రెంచివాళ్లకి అది చిన్నారి సుందరి, ఇటలీవాళ్లకి చిన్న దొరసాని, రుమేనియావాళ్లకి చిట్టి పెళ్లికూతురు. కోళ్లున్న వాళ్లందరికీ అదంటే భయం. అందుకే పొగిడేవాళ్లు," అంది.

"మా ఊళ్లో చీకటి పడితే పామును పురుగంటాం," అన్నాను. ఆవిడ మొహం విప్పారింది.

"పొగిడితే ఆగుతుందా?" అని అడిగింది నా భార్య.

"ఆగదు. గూటికి జాలీ కూడా బిగిద్దాం."

ఆ శనివారం ముగ్గురం కలిసి సన్నని ఇనుప జాలీ బిగించాం. ఆ తర్వాత ఒక్క కోడీ పోలేదు. కొన్ని వారాలకు, ఆవిడ కంచె దగ్గర నిలబడి అవతలి గడ్డిలోకి చూస్తుంటే ఏమైందని అడిగాను.

"ఇప్పుడేం తింటోందో, పాపం," అంది.