అలికిన ఎరువు కుప్ప

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో పన్నెండేళ్లుగా సూక్ష్మజీవుల పాఠం చెబుతున్నాను. పేడ కుప్పలో ముందు మామూలు వేడిలో బతికే బాక్టీరియా పెరుగుతాయనీ, తేలిగ్గా అరిగేవన్నీ తినేసి అవే కుప్పను వేడెక్కిస్తాయనీ, ఆ వేడికి అవి చచ్చి, వేడిని తట్టుకునేవి రాజ్యానికొస్తాయనీ బోర్డు మీద గీసి మరీ చెబుతాను. అలాంటి నేను ఎల్బీనగర్‌లో అద్దెకున్న ఇంటి పెరట్లో కుప్ప వేసి పరువు పోగొట్టుకున్నాను.

నాగోల్‌లో ఒక పశువుల కొట్టం నుంచి ఆటోలో పేడ తెప్పించి, ఎండుటాకులూ వరిగడ్డీ కలిపి నడుమెత్తు పేర్చాను. రెండో రోజుకే చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. పొంగిపోయాను. పక్కింటికి వాసన పోకూడదని, మా అమ్మ వాకిలి అలికినట్టు, కుప్పంతా చిక్కటి పేడతో నున్నగా అలికేశాను. ముచ్చటగా ఉందనుకున్నాను కూడా.

నాలుగు రోజులకు కుప్ప చల్లబడింది. కుళ్లిన గుడ్ల కంపు వీధి దాకా కొట్టింది. ఇంటి ఓనరమ్మ ఇబ్రహీంపట్నం వైపు పల్లె నుంచి వచ్చినావిడ. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చి, ఆదివారంలోగా కంపు పోకపోతే చెత్త బండికి ఎత్తించేస్తానంది. వెళ్తూ వెళ్తూ కుప్ప దగ్గర ఆగింది.

"గట్ల అలికితే దానికి గాలెట్ల తగుల్తది, టీచరమ్మా?"

సిగ్గుతో చచ్చాను. వేడి పుట్టించేవన్నీ గాలి ఉంటేనే బతికేవి. వాటి గొంతు నేనే నులిమాను. ఇప్పుడు గాలి అక్కర్లేనివి లోపల చేరి కంపు కొట్టిస్తున్నాయి. నా మీద నాకే కోపం వచ్చింది, అంతకంటే మొండితనం వచ్చింది. చచ్చినా ఎత్తించనివ్వను అనుకున్నాను.

మర్నాడు సెలవు పెట్టి పార పట్టాను. అలికిన పెంకు పగలగొట్టి, కుప్పంతా తిరగేసి, గడ్డి మళ్లీ కలిపి వదులుగా పేర్చాను. చేతులు బొబ్బలెక్కాయి. మూడో రోజుకు ఆవిరి లేచింది. శనివారం నాటికి కంపు పోయి, లోపలి ఆకుల మీద బూడిద చల్లినట్టు తెల్లటి పొర కనిపించింది. ఆ వేడిలోనూ గట్టి పీచును తినే ఆక్టినోమైసిటీస్ అనే బాక్టీరియా అది. పిల్లల పేపర్లలో స్పెల్లింగ్ దిద్దడమే తప్ప, వాటిని కళ్లారా చూడటం అదే మొదలు. ఏడుపొచ్చింది.

ఆదివారం ఓనరమ్మ వచ్చి కుప్పలో ఇనుప చువ్వ గుచ్చింది. కాసేపాగి లాగి పట్టుకుని, చురుక్కుమనేసరికి వదిలేసింది. మళ్లీ ఎప్పుడు తిప్పుతావని అడిగింది. బుధవారం అన్నాను.

"నన్ను గూడ పిలువు. ఒక్కదానివే తిప్పితే నడుం పోతది."