చెల్లెల్ని దించని నాలుగేళ్ళు

పోయిన నెలలో మా కోడలు నా పడకకుర్చీని హాల్లోంచి తీసి వరండాలో వేసింది. ముప్పై ఏళ్ళు ప్రైమరీ బడిలో మేష్ట్రుగా చేసి, రిటైరైన తర్వాత ఆ కుర్చీలో కూర్చుని పేపరు చదవడం తప్ప వేరే పని పెట్టుకోని మనిషిని నేను, మనసులో కొంచెం నొచ్చుకున్న మాట నిజమే. టీవీ ముందర జాగా కావాలట, మనవరాలు ఆడుకోవాలట. టీవీ ముందర కూర్చోవడానికి అంత జాగా దేనికని అడిగితే, కూర్చోవడానికి కాదు, కాళ్ళు ఆడించడానికి అన్నారు. టీవీ కింద అరచేతి పొడవున్న ఒక పెట్టె పెట్టారు, అది ఎదురుగా నిలబడ్డ మనిషిని చూస్తుంది, మనం కాలెత్తితే తెరమీద బొమ్మ కాలెత్తుతుంది, మనం వంగితే అదీ వంగుతుంది. పిల్లలందరూ టీవీ ముందర కూర్చుని పాడైపోతున్నారని లోకమంతా మొత్తుకుంటుంటే మా ఇంట్లో టీవీనే మందుగా పెట్టారు చూడండి అని, బలసముద్రంలో టీకొట్టు దగ్గర నా ఈడువాళ్ళతో నవ్వులాటగా చెప్పుకున్నాను కూడా.

నవ్వులాట అన్నానుగానీ విషయం నవ్వేది కాదు. మనవరాలికి పదకొండేళ్ళు. కిందటేడు జ్వరం వచ్చి తగ్గినాక, నాలుగు రోజులకు రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. తుమకూరులో ఒక ఆసుపత్రి, అక్కడినుంచి బెంగళూరులో ఇంకొకటి, ఇలా రెండు నెలలు తిరిగితే పిల్ల ప్రాణంతో ఇంటికి వచ్చింది. నరాలు కోలుకుంటున్నాయి, కండలో బలం మాత్రం పిల్లే తెచ్చుకోవాలి, రోజూ కాళ్ళు కదిలిస్తే నడుస్తుంది, కదిలించకపోతే ఉన్నది కూడా పోతుంది అని డాక్టరు చెప్పి పంపించాడు. కసరత్తులు చేయించడానికి కోడలు కూర్చుంటే పిల్ల ఏడుస్తుంది. వీధిలోకి నడిపిద్దామంటే తోటి పిల్లలు చూస్తారని తలుపు దాటదు. మా కొడుకు సోలార్ ప్లాంటులో పలకలు కడిగే గుంపుకు మేస్త్రీ, అక్కడ ఎవరో ఇంజనీరు తన పిల్లలకు ఇలాంటి ఆట ఉందని చెబితే విని, బెంగళూరునుంచి తెప్పించాడు.

ఈ మధ్యలో నేనేం చేశానంటే, పిల్లను ఎత్తుకున్నాను. మంచంనుంచి నీళ్ళు పోసుకునే బచ్చలింటికి, బచ్చలింటినుంచి మంచానికి, ఈ వయసులో నడుము సహకరించకపోయినా, కోడలు చూడనప్పుడు ఎత్తుకుని తిప్పేవాణ్ణి. ఒకనాడు కోడలు చూసింది. మామగారని ఎప్పుడూ గొంతెత్తని మనిషి, నా ముందర నిలబడి, "నువ్విట్ల ఎత్తుకుంటా ఉంటే దానికి కాళ్ళు యాడినుంచి వస్తాయి మామా" అని కండ్లనీళ్ళు పెట్టుకుంది. ఆ మాట నేను ఇంతకుముందే విన్నాను, వేరే నోట, అరవై ఏళ్ళ కిందట, అది అన్నది గొర్రెపిల్ల గురించి.

మాది గొర్రెలు కాసిన ఇల్లు. ఇప్పుడు మీరు పావగడనుంచి వస్తూ చూస్తే మా ఊరి చుట్టూ కంచెలూ, కంచెల వెనక చూపు ఆనినంతవరకూ నల్లటి పలకలూ కనిపిస్తాయి, మా పొలం కూడా వాటి కిందే ఉంది, గుత్తకిచ్చాము. నా చిన్నతనంలో అదంతా బీడు. వాన పడ్డ ఏడు శెనక్కాయ వేసేవాళ్ళు, పడని ఏడు జీవాలు మేసేవి. నాయన మందను తోలుకుని నాగలమడిక ఏటిదాకా పోయేవాడు, బడి లేని రోజుల్లో నేనూ వెంట పోయేవాణ్ణి. మేతలో గొర్రె ఈనితే ఆ పిల్లను కంబళిలో చుట్టి భుజాన వేసుకుని ఇంటికి తేవడం నా పని. తడి ఆరని గొర్రెపిల్ల వెచ్చగా మెడకు ఆనుకుంటే దించబుద్ధి కాదు, ఆ సంగతి గొర్రెలు కాసినవాళ్ళకు తెలుసు. మరునాడు కూడా దాన్ని ఎత్తుకోబోతే మాత్రం నాయన ఊరుకునేవాడు కాదు. "మోసింది చాల్లే, దించు. నీ భుజాలు దానికి కాళ్ళయితాయా" అనేవాడు. దించితే అది రెండడుగులు వేసి మూతి నేలకానించి పడేది, మళ్ళీ లేచేది, సాయంత్రానికి తల్లి వెనక పోయేది. మోసిన పిల్ల మందలో కలవదని మా వాళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

అంత తెలిసిన నాయనకూ, అమ్మకూ, నాకూ, మా చెల్లెలి విషయంలో ఆ తెలివి లేకపోయింది.

చెల్లెలు నాకంటే ఆరేళ్ళు చిన్నది. ఐదో ఏట దానికి జ్వరం వచ్చి ఎడమకాలు పడిపోయింది. ఆ జబ్బు పేరు అప్పట్లో మాకు తెలియదు. పావగడలో డాక్టరు చూసి, కుడికాలు బాగుంది, ఎడమకాలిలో కూడా కొంత జీవం ఉంది, కర్ర ఇచ్చి నడిపించండి, పడితే పడనీండి అని కన్నడంలో చెప్పాడట. పడితే పడనీండి అన్న మాట అమ్మకు నచ్చలేదు. కన్నబిడ్డను పడనీమంటాడు వీడేం డాక్టరని బస్సులో వస్తున్నంతసేపూ తిట్టుకుంటూ వచ్చింది. నాయన కర్ర చెక్కించాడు, చెల్లెలు దాన్ని పట్టుకుని గడప దగ్గర ఒకసారి పడి పెదవి పగలగొట్టుకుంది, అంతే, ఆ కర్ర అటక మీదికి పోయింది. ఆనాటినుంచి దాన్ని నేను మోశాను.

మెడమీద కూర్చోబెట్టుకుని, రెండు కాళ్ళూ నా ఛాతీమీదికి వేలాడితే మడమలు పట్టుకుని, మంద వెనక మైళ్ళకు మైళ్ళు తిరిగేవాణ్ణి. బరువనిపించేది కాదు. దాని మాటలకు అంతుండేది కాదు, పైనుంచి చూస్తూ ఏ గొర్రె ఎటు పోతోందో నాకు చెప్పేది, గుట్ట అవతల ఏ బస్సు పోతోందో చెప్పేది, నా జుట్టు పట్టుకుని ఎద్దును తోలినట్టు తోలేది. బావి దగ్గర నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు మమ్మల్ని చూసి, "అన్నంటే వీడప్పా" అనేవాళ్ళు. నిజం చెప్పాలి కదా, ఆ మాట నాకు చాలా తియ్యగా ఉండేది. బావి దారిన పోవలసిన పని లేకపోయినా పోయిన రోజులున్నాయి. పిల్లను మోస్తున్నానో, నా మంచితనాన్ని ఊరికి చూపిస్తున్నానో, ఆ వయసులో నాకు తెలిసేది కాదు.

అది నన్ను అడిగింది. ఈ సంగతి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న ఆమె కూడా ఇది తెలియకుండానే కన్నుమూసింది. ఏటి ఇసుకలో దిగినప్పుడల్లా నా తలమీద తట్టి అడిగేది, "దించన్నా, ఈడ మెత్తగుండాది, నడుస్తా" అని. ఒకసారి కాదు, చాలాసార్లు. ముళ్ళుంటాయని ఒకసారి, ఎండకు ఇసుక కాలుతోందని ఒకసారి, గొర్రెలు దూరం పోతాయని ఒకసారి, ఏదో ఒకటి చెప్పి నేను దించలేదు. కొన్నాళ్ళకు అడగడం మానేసింది. మానేసిందని నేను గమనించను కూడా లేదు.

నాలుగేళ్ళు అలా గడిచాక నేను హైస్కూలుకని వై.ఎన్.హొసకోటలో మేనత్త ఇంట్లో ఉండవలసి వచ్చింది. మోసేవాడు లేకపోయేసరికి అమ్మ అటకమీది కర్ర దించింది. చెల్లెలు లేచి నిలబడబోతే ఎడమ మోకాలు సాగలేదు, కుడిది కూడా సగమే సాగింది. డాక్టరు నొక్కి చూసి, ఇన్నేళ్ళూ ఈ పిల్లను ఎలా కూర్చోబెట్టారని అడిగాడట. సెలవులకు వచ్చినప్పుడు నేను చూశాను. నా మెడకు అటూ ఇటూ ఎలా వంగి వేలాడేవో, ఆ మోకాళ్ళు సరిగ్గా ఆ వంపులోనే బిగుసుకుపోయాయి.

చెల్లెలు నలభై దాటేదాకా బతికింది. నడవలేదు. చేతులమీద జరుగుతూ ఇంటిపని చేసేది, కూర్చున్నచోటే ఉన్ని వడికేది, కంబళి నేసేవాళ్ళు దాని నూలు కోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. బడికి పోలేదు కాబట్టి అక్షరాలు నేనే నేర్పాను. నన్ను ఒక్క మాట అనలేదు, అని ఉంటే ఇంత భారంగా ఉండేది కాదేమో. నా పెళ్ళప్పుడు, మా వదినను కూడా మోస్తావా ఏందన్నా అని ఎగతాళి చేసింది, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఇదంతా తెలిసి కూడా, కోడలు కండ్లనీళ్ళతో అడిగేదాకా, మళ్ళీ నా చేతులు అదే పని చేశాయి. ముద్దు అనే దానికి ఇంతగా కండ్లు కనపడవా అని నామీద నాకే అసహ్యం వేసింది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మనవరాలు ఆ ఆట ఆడుతోంది. తెరమీద ఒక వాగు, వాగులో రాళ్ళు, రాయి మీదినుంచి రాయి మీదికి అడుగెయ్యాలి, వీధిలోకి రానని మొండికేసే పిల్ల అక్కడ మాత్రం చెమటలు కారుతున్నా ఆపడం లేదు. ఐదో రాయి దగ్గర కాలు మడత పడి గచ్చుమీద పడిపోయింది. నేను వరండాలోంచి ఎప్పుడు లేచానో, హాల్లోకి ఎప్పుడు వచ్చానో తెలియదు, చేతులు చాచుకుని దాని పక్కనే నిలబడి ఉన్నాను. అది తెరవైపే చూస్తూ, "నువ్వు రావాకు తాతా, నేనే లేస్తా" అంది. చేతులు వెనక్కు కట్టుకుని గోడకు ఆనుకున్నాను. పక్కనున్న మంచంకోడు పట్టుకుని, ఒక మోకాలు మోపి, జారి, మళ్ళీ మోపి, ఎంతసేపు పట్టిందో, అది లేచింది. లేచి నావైపు చూసి, నేనేడుస్తున్నానని గమనించి, పాయింట్లు పోలేదులే తాతా అని నాకు ధైర్యం చెప్పింది.

మన కాలంలో పిల్లలకు నేలంతా ఉండేది, ఇప్పుడు గోడలే మిగిలాయి అని నా ఈడువాళ్ళు అంటుంటే, నేనూ తలూపేవాణ్ణి. ఇకమీద ఊపలేను. మెత్తటి ఏటి ఇసుక, కంచె లేని బీడు, చూసి నవ్వే మనిషి లేని పగళ్ళు, అన్నీ మా చెల్లెలి కాళ్ళ కిందనే ఉండేవి, వాటికీ దానికీ మధ్య ఉన్నది నేనొక్కణ్ణే. దించి ఉంటే నడిచేదో లేదో నేను చెప్పలేను. పడేదని మాత్రం తెలుసు, ఆ పడడాన్ని నేను దానికి ఇవ్వలేదు.