మందలించి పంపడమైనది

1961 జూన్‌లో నన్ను మడకశిర వైపు, మైసూరు సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న పోలీసు స్టేషన్‌కు ప్రొబేషన్ మీద సబ్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. ఛార్జ్ తీసుకున్న రోజు అక్కడ ఉన్నవి ఇవి: ఒక హెడ్ కానిస్టేబుల్, ఆరుగురు కానిస్టేబుళ్లు, ఎనిమిది తుపాకులు, మూడు జతల సంకెళ్లు (ఒక జతకు తాళంచెవి లేదు), ఒక సైకిలు, రెండు కూజాలు, తొమ్మిదేళ్ల జనరల్ డైరీలు. జనరల్ డైరీ అంటే స్టేషన్‌లో ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు, ఏం జరిగింది అన్నది వేళతో సహా రాసే పుస్తకం.

పోలీసు ఉద్యోగానికి ముందు నేను మెకానికల్ డిప్లొమా చదివాను. మా వర్క్‌షాప్ స్టోరులో ఏ బోల్టు ఏ అరలో ఉందో అట్టల మీద రాసి వరుసగా పెట్టేవారు. ఇక్కడ డైరీల్లో ఒక పేరు వెతకాలంటే రోజంతా పట్టేది. అందుకని ఆ వానాకాలమంతా కూర్చుని, డైరీల్లో కనబడిన ప్రతి మనిషికీ ఒక అట్ట రాశాను. అట్ట మీద నాలుగు గళ్లు: పేరు, ఊరు, నేరం, ఫలితం.

హెడ్ కానిస్టేబుల్ ఖాదర్ సాబ్‌కు అప్పటికే ఇరవై ఆరేళ్ల సర్వీసు. నేను అట్టలు కత్తిరిస్తూ ఉంటే తలుపు దగ్గర నిలబడి చూసేవాడు.

"ఎందుకు సార్ ఇంత కష్టపడతాండారు? ఆ పుస్తకాల్లో ఉండేటివి పండుకున్నాయి. పండుకోనీండి" అన్నాడు ఒకసారి. నేను నవ్వి ఇంకో అట్ట కత్తిరించాను. ముసలాయనకు కొత్త పద్ధతులంటే బెదురు అనుకున్నాను.

మరుసటి ఫిబ్రవరిలో ఒక వెరిఫికేషన్ రోల్ వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగానికో శిక్షణకో ఎంపికైన వారి నడవడి గురించి స్టేషన్‌ను అడిగే కాగితం అది. పేరు హనుమక్క, వయసు పంతొమ్మిది, తండ్రి గొర్రెల కరియప్ప. ఎనిమిదో తరగతి ప్యాసై, అనంతపురంలో మిడ్‌వైఫ్ శిక్షణకు ఎంపికైంది. ఆ చుట్టుపక్కల పల్లెల్లో అంతదూరం వచ్చిన ఆడపిల్ల ఆమె ఒక్కతే.

అట్టల పెట్టె తెరిస్తే రెండు నిమిషాల్లో ఆమె అట్ట దొరికింది. ఐదేళ్ల కిందటి డైరీ వాక్యం: "హనుమక్క, బందెలదొడ్డి తలుపు తీసి గొర్రెలను తోలుకుపోయినందుకు మందలించి పంపడమైనది." బందెలదొడ్డి అంటే పరుల చేలో మేసిన పశువులను రుసుము కట్టేదాకా మూసి ఉంచే దొడ్డి. దాని తలుపు బలవంతంగా తీయడం చట్టప్రకారం నేరమే. రోల్‌లోని రిమార్కుల గడిలో "బందెలదొడ్డి నుంచి పశువులను అక్రమంగా విడిపించిన నేరానికి హెచ్చరించబడినది" అని రాసి పైకి పంపాను. రెండు నిమిషాలు మాత్రమే పట్టిందని ఆ పూట చాలా సంతోషపడ్డాను.

మార్చి ఇరవై రెండున తండ్రీకూతుళ్లు స్టేషన్‌కు వచ్చారు. కరియప్ప భుజాన కంబళి, చేతిలో కర్ర. నా మొహం చూడకుండా ఖాదర్ సాబ్‌తోనే మొదలుపెట్టాడు.

"ఏం సాబన్నా, నా బిడ్డ ఎవురి గొర్రెల్ని దొంగిలించింది? మావే కదప్పా! మా గొర్రెల్ని మా ఇంటికి తోలుకొస్తే పోలీసు రిపోర్టు బాగలేదంట."

హనుమక్క తండ్రిని ఆపి విషయం చెప్పింది. ఆమె సీటును ఆపి ఉంచారు. ఏప్రిల్ ఒకటిన శిక్షణ మొదలవుతుంది. ఆలోపు రిపోర్టు సరికాకపోతే సీటు జాబితాలో తర్వాతి పిల్లకు పోతుంది.

ఆ రోజు ఏం జరిగిందో చెప్పమన్నాను. తండ్రి మందతో దూరం మేపుకు పోయి ఉన్నాడు. పద్నాలుగు తల్లి గొర్రెల్ని వేరుశనగ చేలో పడ్డాయని చెప్పి దొడ్డికి తోలారు. ఇంట్లో పాలు తాగే పిల్లలు పొద్దున్నుంచీ అరుస్తున్నాయి. సాయంత్రం ఈ అమ్మాయి వెళ్లి తలుపు కట్టె తీసింది.

"అయినా మా గొర్రెలు ఆ చేన్లో పడనే లేదు సార్" అంది.

"ఆ మాట అప్పుడెందుకు చెప్పలేదు?"

"ఎవురడిగినారు? సాబన్న అరిసినాడు, పొమ్మన్నాడు, పోయినా. అయిపోయిందనుకుంటి. అది అయిపోలేదని ఆ పొద్దే చెప్పింటే నేను కోర్టుకే పోయింటిని. ఆడన్నా అడిగేవాళ్లు."

కోర్టులో అయితే ఫిర్యాదీ రుజువు చేయాలి, ఈమెను అడగాలి, తప్పు లేకపోతే వదలాలి. మందలింపులో ఆ మూడూ లేవు. ఏదీ తేలకుండానే ఆమె పేరు పక్కన నేరం అన్న మాటను నేను రాశాను.

ఖాదర్ సాబ్ గొంతు తగ్గించి చెప్పాడు: "ఆ చేను ఊరి రెడ్డిది. రాసి చూపిస్తే గానీ ఇంటికి పోనని కూర్చున్నాడు సార్. రెడ్డి కండ్లకు చూపించేదానికి రాసినా. గవర్నమెంటు కండ్లకు కాదు." అప్పుడు కరియప్ప, "నువ్వు రాసినావు, ఈయప్ప తవ్వినాడు. ఇద్దరూ బాగనే ఉండారు" అన్నాడు. ఖాదర్ సాబ్‌కు నవ్వొచ్చింది కానీ నా మొహం చూసి మింగేశాడు.

మర్నాడు నేనూ ఖాదర్ సాబూ బస్సెక్కి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆయన నా రోల్ నకలు రెండుసార్లు చదివాడు.

"దీన్ని నేను చదవకుండా సంతకం పెట్టినా. అది నా తప్పు. నువ్వు ఆలోచించి రాసినావు. అది నీ తప్పు. ఏమయ్యా, చిన్నప్పుడు మీ అయివారు నిన్ను బెత్తంతో కొట్టలేదా? అది నీ రోల్‌లో రాసినారా?"

పంపిన రోల్‌ను వెనక్కి తీసుకునే పద్ధతి లేదు. అనుబంధ నివేదిక పంపవచ్చు. అక్కడే కూర్చుని రాశాను. ఒకటి, కేసు నమోదు కాలేదు. రెండు, ఫిర్యాదుపై విచారణ జరగలేదు. మూడు, అప్పటికి ఆమె వయసు పద్నాలుగు. నాలుగు, దొడ్డి రుసుము తండ్రి తర్వాత చెల్లించాడు. ఐదు, దానిని నేరమని పేర్కొనడం ఈ అధికారి పొరపాటు.

ఐదోది రాస్తే నాకు మెమో వస్తుందనీ, ప్రొబేషన్‌లో ఉన్నాననీ ఇన్‌స్పెక్టర్ గుర్తుచేశాడు. అది లేకపోతే మిగతా నాలుగూ ఎవరూ నమ్మరని ఖాదర్ సాబ్ అన్నాడు. ఆ మాట నిజమే. మెమో వచ్చింది. నా ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించారు.

నివేదికను ఖాదర్ సాబ్ స్వయంగా అనంతపురం తీసుకుపోయాడు. తపాలా మీద నమ్మకం లేదన్నాడు. మార్చి ముప్పయిన ఉత్తర్వు వచ్చింది. హనుమక్క ఏప్రిల్ ఒకటిన చేరింది.

ఆ నెలలోనే నేనూ ఖాదర్ సాబూ అట్టల పెట్టె ముందేసుకుని కూర్చున్నాం. మందలింపు అప్పటి తగాదాను ఆపడానికి పనికొస్తుంది. మనిషి గురించి సాక్ష్యంగా పనికిరాదు. కాబట్టి కేసు నంబరు లేని ప్రతి అట్టనూ తీసేశాం. డైరీలను మాత్రం ముట్టుకోలేదు. అవి రికార్డు. మొత్తం అట్టలు మూడు వందల పన్నెండు. ఉంచినవి నలభై ఒకటి.