చేతుల వెనక ముఖం

మొన్న మా పాత తలుపులకు రంగు వేయడానికి వచ్చినాయన టర్పెంటైన్ డబ్బా మూత తీయగానే ఇంట్లో అందరూ ముక్కు మూసుకుని కిటికీలు తెరిచారు. నేను మాత్రం చేస్తున్న పని వదిలేసి ఆ డబ్బా పక్కనే నిలబడిపోయాను. నా వరకు అది మెండెల్ అంకుల్ గరాజ్ వాసన.

1980 ప్రాంతంలో నాన్న డెట్రాయిట్ దగ్గర కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేరిన కొత్తల్లో, మా పక్కింట్లో ఒంటరిగా ఉండే యూదు చిత్రకారుడు ఆయన. అమ్మ డ్రైవింగ్ నేర్చుకోవడానికి వెళ్ళే సాయంత్రాలు నన్ను ఆయనకు అప్పగించి వెళ్ళేది. నాకప్పుడు ఏడేళ్ళు. తమ మత నియమాల వల్ల బయటివాళ్ళ వంట తినని మనిషి, మా ఇంట్లో మాంసమే వండరని తెలిశాక, అమ్మ పంపే పులిహోరను కాగితం ప్లేటులో పెట్టుకుని, మిరపకాయ కొరికి కళ్ళనీళ్ళు కారుతున్నా బాగుందనే చెప్పేవారు. కారు ఉండాల్సిన చోట కాన్వాసులే ఉండేవి. బురద వీధిలో బాతులమ్మే ఆడవాళ్ళు, కుర్చీతో సహా గాల్లోకి ఎత్తిన పెళ్ళికొడుకు, ఒకే పుస్తకం మీదికి వంగి దెబ్బలాడుకునే గడ్డాల తాతలు, పండక్కి జడలా అల్లి కాల్చిన రొట్టెలు. అదంతా పోలండ్‌లో ఆయన పుట్టిన ఊరు. యుద్ధంలో ఊరు ఊరంతా పోయి, ఆయనొక్కరే మిగిలారు. ఒక్క ఫోటో అయినా లేకుండా, తలలో ఉన్న ఊరిని ఇల్లు తర్వాత ఇల్లుగా బయటికి తీసి గోడలకు తగిలించారాయన. ఎవరి కోటుకి ఏ గుండీ ఊడిందో కూడా ఆయనకు తెలుసు. అంతటి జ్ఞాపకశక్తి ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

అలాంటి ఆయనకు ఒక్కటే దొరకలేదు. శుక్రవారం పొద్దుగూకే ముందు వాళ్ళ ఆడవాళ్ళు రెండు కొవ్వొత్తులు వెలిగించి, రెండు చేతులతో కళ్ళు మూసుకుని ప్రార్థిస్తారు. వాళ్ళమ్మను ఎన్నిసార్లు వేసినా అలాగే, చేతుల వెనకే వేసేవారు. ఎందుకని అడిగితే, "నాకు ముఖం గుర్తులేదు. ఆ చేతులే నా పరువు కాపాడుతున్నాయి," అన్నారు.

ఆ చలికాలం ఒక శుక్రవారం సూర్యుడు దిగే ముందు ఆయన కొవ్వొత్తులు వెలిగించి, ఎప్పటిలాగే ఆ వెలుగును చూస్తూ కూర్చున్నారు. అది వాళ్ళకు ఏ పనీ చేయకూడని విశ్రాంతి దినం మొదలయ్యే వేళ; పొద్దుగూకితే ఇక బ్రష్షు కాదు కదా పెన్సిల్ కూడా ముట్టరు. మర్నాడు సాయంత్రం ఆకాశంలో మూడు నక్షత్రాలు కనిపించేదాకా గీత గీయకూడదు, నిప్పు వెలిగించకూడదు. ఆ మధ్యాహ్నమే మా క్లాసులో ఒకమ్మాయి పుట్టినరోజు జరిగింది. కేకు తీపి ఇంకా నాలుక మీదే ఉంది. చీకటి పడ్డాక, కొవ్వొత్తులంటే అందుకేననుకుని, బుగ్గలు పూరించి రెంటినీ ఉఫ్‌మని ఊదేశాను.

సరిగ్గా అప్పుడే అమ్మ లోపలికొచ్చింది. దీపం ఆరిందనడానికి కూడా నోరు రాక కొండెక్కిందనే మనిషి.

"దీపాన్ని నోటితో ఊదుతారటే, పాపిష్టిదానా," అని నా చెయ్యి పట్టుకుని, "ఐ విల్ లైట్ అగైన్, అంకుల్, ప్లీజ్," అంటూ అగ్గిపెట్టె వెతికింది.

ఆయన వద్దన్నట్టు చెయ్యెత్తారు. నేను ఏడుపు లంకించుకున్నాను. ఆయన మాత్రం పొగలు పోతున్న వత్తుల్నే చూస్తూ, "మా చెల్లెలు కూడా ఇలాగే ఊదేసింది. అమ్మ చేతులు తీసి చూసి, నవ్వింది," అన్నారు. ఆ వెంటనే, "ముఖం కనపడింది," అన్నారు మెల్లిగా.

కనపడింది సరే, మర్నాటి సాయంత్రం దాకా ఉంటుందా? విషయం విని నాన్న, "కాగితం మీద నాలుగు గీతలు గీసుకుంటే ఎవరు చూడొచ్చారు?" అన్నాడు. అంకుల్ గీయలేదు. శనివారమంతా మంచులో తన పెరట్లోనే, నిండు గిన్నె మోస్తున్నవాడిలా తల కదలకుండా నడిచారు. పలకరిస్తే జారిపోతుందేమోనని నన్ను అమ్మ కిటికీ దగ్గరే పట్టుకుని ఆపింది. నక్షత్రాలు పొడవగానే గరాజ్‌లో లైటు వెలిగింది.

ముందు పళ్ళ మధ్య సందుతో, నవ్వాపుకోలేక సగం దించిన చేతులతో ఒకావిడ. అంతకంటే అందమైన బొమ్మ నేనింతవరకు చూడలేదు.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, గరాజ్ లేదు, అంకుల్ పోయి చాలా ఏళ్ళయింది. బొమ్మ మాత్రం మేమప్పుడున్న ఊరి లైబ్రరీ గోడ మీద ఉంది. కింద 'శుక్రవారం' అని మాత్రమే రాసుంది. కిందటేడు అమ్మను తీసుకుని వెళ్ళినప్పుడు, అక్కడున్న ఓ చిన్నపిల్ల ఈవిడ ఎందుకు నవ్వుతోందని వాళ్ళమ్మను అడుగుతోంది. నేను కల్పించుకుని, కూతురు దీపాలు ఊదేసిందని చెప్పాను.

"ఆ కూతురి పేరేంటి?" అంది ఆ పిల్ల.

అన్ని సాయంత్రాలు ఆయన పక్కన కూర్చుని కూడా, నేనది అడగనేలేదు.