ఇంట్లో వేరు

నాకు యాభై ఎనిమిదేళ్లు వచ్చాక మా మనవరాలు నాకు అక్షరాలు నేర్పింది. దాని పద్ధతి ఒక్కటే. ముందు బొమ్మ గీయాలి, కింద దాని పేరు రాయాలి. గిన్నె, పిల్లి, దండెం. పేరు తప్పు రాస్తే బొమ్మ కూడా మళ్లీ గీయమనేది. అలా దేన్నైనా ఆగి చూడటం అలవాటైంది.

ఆ వానాకాలం చిలకలగూడలోని మా ఇంటి వెనక గోడలో, కిటికీ పైన సజ్జా దగ్గర, రావి మొక్క మొలిచింది. చిగుళ్లు రాగి రంగులో ఉండేవి. పొద్దుటి ఎండ పడితే ఈనెలన్నీ లెక్కపెట్టేంత స్పష్టంగా కనబడేవి. గాలి లేకపోయినా ఆకుల కొనలు వణికేవి. బట్టలుతికే బండ మీద నిలబడి రోజూ ఫోన్‌లో ఒక ఫోటో తీసి, దాన్ని చూస్తూ గీసేదాన్ని. రావి మొక్కను పీకకూడదంటారు. నాకసలు పీకాలనే అనిపించలేదు.

ఒకరోజు పాత ఫోటోలు ఒక్కొక్కటే జరుపుతుంటే మొక్క కింద గీత కనబడింది. చెమ్మ అనుకుని బొమ్మల్లో దాన్ని వదిలేస్తూ వచ్చాను. మొదటి ఫోటోలో అది లేదు. తర్వాత జానెడుంది. నిన్నటి దాంట్లో కిటికీ మూల దాకా వచ్చింది. ఆ కిటికీకి లోపలి వైపున మనవరాలి మంచం ఉంటుంది.

లోపలికి వెళ్లి కర్టెన్ తీశాను. గోడ రంగు ఉబ్బి పగిలింది. ఆ పగులులోంచి దారమంత వేరు, తెల్లగా, మంచం వైపు దిగుతోంది.

కొడుక్కి చెప్పాను.

"పాత గోడ కద అమ్మా, చెమ్మ వస్తది. వానలు పోనీ, చూద్దాం" అని బండి స్టార్ట్ చేశాడు.

నేను నోటితో చెప్తే ఎప్పుడూ ఇంతే. కాగితం మీదైతే పట్టించుకుంటారనుకున్నాను. ఇల్లు గీశాను. పైనుంచి కిందికి ఆ వేరు గీశాను. కింద పెద్ద అక్షరాలతో 'ఇంట్లో వేరు' అని రాసి ఫ్రిజ్‌కు అంటించాను. ఒక్క తప్పు లేదు.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన కోడలు దాని ముందు నిలబడిపోయింది.

"ఏందత్తమ్మా గిది? వేరు పడుదామంటున్నరా? నోటితోటి అనరాదా, ఇంటి నడుమ గీత గీసి అంటించాల్నా?"

"అయ్యో, వేరు బిడ్డా! వేరు!"

"నేను సుత అదే కద చదువుతున్న!"

నాకు నవ్వొచ్చింది. అదే పెద్ద తప్పయింది. కోడలు కళ్లనీళ్లు పెట్టుకుని, పిల్లను తీసుకుని ఆ గదిలోకే వెళ్లి గడియ పెట్టుకుంది. వాన మొదలైంది. తలుపు ఇవతల నుంచి "చెట్టు వేరమ్మా, గోడలో ఉంది" అని అరుస్తూనే ఉన్నాను. వాన చప్పుడులో నా మాట నాకే వినబడలేదు.

కొడుకు వచ్చి కాగితం చూశాడు. "మీ ఇద్దరి నడుమ నన్ను పరేషాన్ చేయకుండ్రి" అన్నాడు. వాడి చెయ్యి పట్టుకుని ఇంటి వెనక్కి లాక్కెళ్లాను. వానకు తడిసి మొక్క తోమిన చెంబులా మెరుస్తోంది. కిటికీ పక్క గీతలో నా వేలు దూరింది. వాడి వేలునూ పట్టి దూర్చాను. వాడు పరుగెత్తుకెళ్లి తలుపు బాదాడు.

మంచం హాల్లోకి జరిపాం. మర్నాడు మేస్త్రి వచ్చాడు. కోడలు నా పక్కన నిలబడి, "మల్లోసారి చెట్టు అని సుత రాయండత్తమ్మా" అంది మెల్లగా.

మేస్త్రి ఆ గదిలోకి వెళ్లి సుత్తి పిడితో గోడ తట్టాడు. ఖాళీ కుండలా మోగింది.

"ఈ అర్రల ఎవరూ ఉండొద్దు."

"మొక్క చిన్నదే కద" అన్నాడు కొడుకు.

"పైకి చిన్నదే సార్."

గోడ వెంట తట్టుకుంటూ హాల్లోకి వచ్చాడు. గట్టి చప్పుడు. మళ్లీ గట్టి గోడ చప్పుడే. మంచం వేసిన చోట ఆగి, గోడకు చెవి ఆనించి ఇంకోసారి తట్టాడు. మంచం మీద మనవరాలు హోంవర్క్ రాసుకుంటోంది.

"పాపను జెర ఇటు పిలువుండ్రి" అన్నాడు, చెవి తీయకుండానే.