పేపరు జాకెట్లు కోసిన హుమేరా

మట్టెవాడలో ఉండే హుమేరాకు ఎవరైనా "నీతోని గాదు" అన్నారంటే, ఆ పని అయ్యేదాకా అన్నం సయించదు. ఇరవై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్న మనిషి. హసన్‌పర్తిలో ఆడవాళ్ల కుట్టు కేంద్రంలో కటింగ్ నేర్పుతుంది. కొలతలు చెబితే గుడ్డ మీద గీతలు ఎక్కడ గీయాలో చూపించే యాప్ ఒకటి, బీటెక్ చదివిన కుర్రాడు ఓంప్రకాశ్ ఏఐ సాయంతో చేసి తెచ్చాడు. ఇక కటింగ్ క్లాసు అవసరం లేదని కేంద్రం ఇన్‌చార్జి నిర్మల తేల్చేసింది.

"అసొంటి యాప్ నేను జేస్త," అంది హుమేరా.

"కోడింగ్ నీతోని గాదక్కా," అని నవ్వాడు ఓంప్రకాశ్.

ఆ నవ్వుకు ఆమె ఒళ్లు మండిపోయింది. ఫోన్‌లో ఏఐకి తెలుగులోనే చెప్పడం మొదలుపెట్టింది. యాప్ మొత్తం ఒకేసారి అడగలేదు. మొదట వీపు భాగం, అది కుదిరాక ముందు భాగం, ఆ తర్వాతే చేతులు. కుదిరినదాన్ని విడిగా దాచుకున్నాకే కొత్తది ముట్టేది. ప్రతిసారీ యాప్ చూపిన గీతల మీద పాత న్యూస్‌పేపర్ కోసి, విప్పదీసిన మంచి జాకెట్ మీద పరిచి చూసేది.

వీపు భాగానికి మొదట కోసిన మూడు పేపర్లూ చిన్నవైపోయాయి. ఏఐని నోటికొచ్చినట్టు తిట్టి, తర్వాత తనే సిగ్గుపడింది. పక్క కుట్టు లోపల ఒకటిన్నర అంగుళం బట్ట వదలాలని దానికి చెప్పనే లేదు. ఆ మాట ఏ దర్జీ నోటితో చెప్పడు, చెయ్యే వదిలేస్తుంది. అది చెప్పాక నాలుగో పేపరు సరిగ్గా కుదిరింది.

ఏది మేలో తేల్చడానికి శుక్రవారం కేంద్రంలో రెండు యాప్‌లకూ మొగిలమ్మ కొలతలే ఇచ్చారు. కుట్టు నేర్చుకోవడానికి వస్తున్న కూలిమనిషి ఆమె. కోరాగుడ్డతో రెండు జాకెట్లు కుట్టారు. ముందు ఓంప్రకాశ్ యాప్‌ది తొడుక్కుని వచ్చింది.

"గడ్డిమోపు ఎత్తుకున్నట్టు చేతులు లేపు మొగిలమ్మా," అంది హుమేరా.

చంక దగ్గర పర్రుమని చినిగింది.

"బట్ట తక్కువ పట్టేటట్టు జెయ్యమన్న. ఏఐ ఇట్లనే ఇచ్చిందక్కా," అన్నాడు ఓంప్రకాశ్.

"అది ఎన్నడన్న జాకెట్ తొడిగి చేతులు లేపిందా తమ్మీ? నువ్వన్న ఒక్కసారి కోసి చూసినవా?"

హుమేరా యాప్‌ది తొడుక్కుని మొగిలమ్మ రెండు చేతులూ లేపి, వంగి, లేచి చూపించింది. కుట్టు కదల్లేదు.

"సరే, నీ యాపే పెడదాం. అదున్నంక క్లాసెందుకు?" అంది నిర్మల.

"అది తప్పు జెప్తే తప్పని జెప్పెటోళ్లు ఉండాలె మేడం. క్లాసు బందైతే నా యాప్ గూడ బంద్. ఎవరికీ ఇయ్య."

నిర్మల క్లాసు నడుపుకొమ్మంది. హుమేరా కత్తెర తీసి ఓంప్రకాశ్ ముందు పెట్టింది.

"కూసో తమ్మీ. మొదటి క్లాసు నీకే."